వినడం నేర్పిన గొంతు
ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం స్మారకోపన్యాసం



బాలుగారి గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఆయన పాటల దగ్గర మొదలుపెట్టి పాటల దగ్గరే ముగిస్తారు. టెలివిజన్ సంగతి వచ్చేసరికి ‘పాడుతా తీయగా కార్యక్రమం ద్వారా ఎందరో గాయకులను పరిచయం చేశారు’ అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఈ పూట ఆ ఒక్క వాక్యం గురించే మాట్లాడదామని వచ్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గాయకుడిగా దాదాపు ముప్పై ఏళ్లు గడిచాక, యాభయ్యో ఏట, ఆయన బుల్లితెర వ్యాఖ్యాత అయ్యారు. ఆ తర్వాతి పాతికేళ్లు అక్కడ ఆయన చేసిన పని, అంతకుముందు మైకు ముందు చేసిన పనికి ఏమాత్రం తీసిపోదు. మనకు గొప్ప పాటలు ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. పాటను ఎలా వినాలో తెలుగువాళ్ల ఇళ్లలోకి వచ్చి నేర్పినవారు మాత్రం ఆయనే.

జనం మెచ్చిన గాయకులు టెలివిజన్ వ్యాఖ్యాతలుగా మారడం లోకంలో కొత్త కాదు. ఇంగ్లండులో సిల్లా బ్లాక్ అనే పాప్ గాయని ఉండేవారు. లివర్‌పూల్‌లో ఓడరేవు కార్మికుడి కూతురు. బీటిల్స్ బృందాన్ని పైకి తెచ్చిన బ్రయాన్ ఎప్‌స్టీనే ఆమెనూ పైకి తెచ్చారు. 1964లో ఆమె పాటలు రెండు అక్కడి అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరాయి. 1968లో బీబీసీ ఆమె పేరుతోనే ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 1984లో ‘సర్‌ప్రైజ్ సర్‌ప్రైజ్’, 1985లో ‘బ్లైండ్ డేట్’ వచ్చాయి. ఇక అక్కణ్ణుంచి ఆమె ఆ దేశంలో ప్రతి ఇంటికీ తెలిసిన మనిషి. జనంతో కలివిడిగా, తన ఊరి యాసలోనే మాట్లాడటం ఆమె బలం. ఆమె ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ చివరి రెండు కార్యక్రమాల్లో పాటకు పెద్దగా చోటు లేదు. ఒక జీవితం ముగించి ఇంకో జీవితం మొదలుపెట్టినట్టు ఆమె ఆ మార్పు చేసుకున్నారు. బాలుగారు అలా చేయలేదు. ఆయన పాటను వెంటబెట్టుకునే మాటల్లోకి వచ్చారు. మాటతో పాటకు కాపు కాశారు. ఇది ఆయనకు ఎలా సాధ్యమైందో చూద్దాం.

హరికథ ఇల్లు

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఉంది. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. తల్లి శకుంతలమ్మగారు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో వాళ్ల ఇల్లు. తండ్రి తనను కూర్చోబెట్టి సంగీతం నేర్పలేదని, శాస్త్రీయంగా తాను చదువుకున్నది లేదని బాలుగారు బతికినన్నాళ్లూ చెప్పుకున్నారు. కాబట్టి ఆయన స్వరజ్ఞానానికి మూలం తండ్రి పాఠాల్లో వెతకడం దండగ. నేను వెతుకుతున్నది వేరు.

హరికథ విన్నవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. దాసుగారు ఒక్కరే నిలబడతారు. చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. కీర్తన ఎత్తుకుంటారు. సగంలో ఆపి అర్థం చెబుతారు. మధ్యలో ఒక పిట్టకథ వేస్తారు. ముందు వరసలో కునికిపాట్లు పడుతున్న పెద్దమనిషిని పేరు పెట్టి పలకరిస్తారు, సభంతా నవ్వుతుంది. ఆ నవ్వు సద్దుమణగక ముందే శ్రుతి అందుకుని కథలోకి వెళ్లిపోతారు. పాట ఎక్కడ ఆగిందో, వచనం ఎక్కడ మొదలైందో వినేవాడికి తెలియదు. పండితుడికీ పామరుడికీ ఒకేసారి చెప్పగలగడం ఆ కళకు ప్రాణం.

ఇప్పుడు ‘పాడుతా తీయగా’లో బాలుగారిని గుర్తు చేసుకోండి. ఒక పల్లవి, దాని వెనకే ఆ కవి గురించి నాలుగు మాటలు, ఆ రికార్డింగు నాటి ముచ్చట ఒకటి, ఎదుట నిలబడ్డ పిల్లవాడి మీద చిన్న చమత్కారం, మళ్లీ పాట. చిడతలు లేవు, గజ్జెలు లేవు, కోటు వేసుకున్నారు. పద్ధతి మాత్రం సాంబమూర్తిగారి పద్ధతే. ఆయన తండ్రి దగ్గర సంగీతం నేర్చుకుని ఉండకపోవచ్చు గానీ, సభను ఎలా పట్టుకోవాలో ఆ ఇంట్లోనే చూశారు. పెద్దయ్యాక టెలివిజన్ దానికి వేదిక ఇచ్చింది. తాను పోవడానికి కొన్ని నెలల ముందు, 2020 ఫిబ్రవరిలో, ఆ నెల్లూరు ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. చెప్పడం, వినడం, అప్పజెప్పడం ఆ గోడల మధ్య కొనసాగాలని ఆయన కోరుకున్నారు.

పోటీలో నిలబడిన కుర్రవాడు

ఇంకో సంగతి కూడా మనం మరిచిపోతుంటాం. పాతికేళ్లు పాటల పోటీ నడిపిన ఈ మనిషి పాటల పోటీల్లోంచే వచ్చారు. గూడూరులో ఒక పోటీకి వచ్చిన ఎస్. జానకి ఆయన పాట విని సినిమాల్లో ప్రయత్నించమని ప్రోత్సహించారు. 1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ నిర్వహించిన పోటీలో మొదటి బహుమతి వచ్చింది. కొత్త గొంతును గుర్తించి చేయి పట్టుకుని తీసుకెళ్లినవారు సంగీత దర్శకులు ఎస్.పి. కోదండపాణి. అప్పటికి బాలు ఇంజనీరింగు విద్యార్థి. అనంతపురంలో చేరి, జబ్బుపడి ఆ చదువు మానేసి, మద్రాసులో ఏ.ఎం.ఐ.ఇ.లో చేరారు. 1966 డిసెంబరు 15న కోదండపాణిగారి సంగీతంలో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు మొదటి పాట పాడారు. పక్కన పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య ఉన్నారు.

గాయకుడిగా ఆయన జీవితం మీకు తెలిసిందే కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగను. తెలుగు, కన్నడ, తమిళ, హిందీ పాటలకు కలిపి ఆరు జాతీయ అవార్డులు. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణ్, మరణానంతరం 2021లో పద్మవిభూషణ్. నాకు ఇక్కడ కావలసింది ఆ పాటల వెనక ఆయన పోగుచేసుకున్న నేర్పు. అందులో మూడు పాయలు ఉన్నాయి.

మొదటిది, పాత్రను బట్టి గొంతు మార్చడం. ఎన్టీఆర్‌కు పాడితే ఎన్టీఆర్ కనిపించాలి, ఏఎన్నార్‌కు పాడితే ఏఎన్నార్ కనిపించాలి. అల్లు రామలింగయ్యకు పాడినప్పుడు తెరచాటున ఉన్నది ఎవరో మనకు గుర్తే రాదు. ఇలా పాడాలంటే ముందు ఎదుటివాడి ఉచ్చారణనీ, ఊపిరినీ, మాట విరుపునీ శ్రద్ధగా వినాలి. ఆయన గొప్ప గాయకుడు కావడానికి ముందే గొప్ప శ్రోత.

రెండోది డబ్బింగు. కమల్‌హాసన్‌కు తెలుగులో ఆయన చెప్పిన మాటలు, ‘గాంధీ’ చిత్రం తెలుగు రూపంలో బెన్ కింగ్స్‌లీకి ఇచ్చిన గొంతు, ‘అన్నమయ్య’లో వేంకటేశ్వరుడి పాత్రకు చెప్పిన సంభాషణలు గుర్తు చేసుకోండి. పాటలో రాగం మాటను మోస్తుంది. డబ్బింగులో మాట ఒంటరిగా నడవాలి. ఆ నడక సాధించిన గాయకులు మనకు తక్కువ. వ్యాఖ్యాతగా ఆయన నోట మాట తడబడకపోవడానికి ఈ సాధన ఉంది.

మూడోది, తన లోటు తెలిసి దాన్ని పూడ్చుకోవడం. ‘శంకరాభరణం’ పాటలు వచ్చినప్పుడు శాస్త్రీయ సంగీతం చదువుకోని తాను వాటికి న్యాయం చేయగలనా అని ఆయన భయపడ్డారు. కె.వి. మహదేవన్ సహాయకులు పుహళేంది దగ్గర ఒక్కొక్క సంగతీ నేర్చుకుని పాడారు. తర్వాత ‘ఏక్ దూజే కే లియే’కు ఆయన హిందీ ఉచ్చారణ దక్షిణాది వాసన కొడుతుందేమోనని సంగీత దర్శకులు సందేహించారు. కథానాయకుడు తమిళుడే కదా అని దర్శకుడు బాలచందర్ పట్టుబట్టారు. రెండు సినిమాలకూ జాతీయ అవార్డు వచ్చింది. ఉచ్చారణ గురించి సందేహానికి గురైన మనిషి తర్వాత వేలమంది పిల్లల ఉచ్చారణ దిద్దారు. నేర్చుకోవడం ఎంత కష్టమో తెలిసినవాడే ఓపికగా నేర్పగలడు. ఆయన దిద్దుబాటులో కసురు లేకపోవడానికి కారణం ఇక్కడుంది.

1996

తెలుగునాట ప్రైవేటు ఛానళ్లు 1995లో మొదలయ్యాయి. ఆ ఏడాది ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు వచ్చాయి. మరుసటి ఏడాదే ఆ సంస్థ అధినేత రామోజీరావుగారి ఆధ్వర్యంలో ‘పాడుతా తీయగా’ ఆరంభమైంది. పేరు ‘మూగమనసులు’ కోసం ఆత్రేయ రాసి, మహదేవన్ స్వరపరిచి, ఘంటసాల పాడిన పాటది. ఆ పేరు పెట్టడంలోనే కార్యక్రమం ఎవరి దారిలో నడుస్తుందో తెలిసింది.

ఆ కాలం ఎలాంటిదో గుర్తుంచుకుంటే ఆ కార్యక్రమం విలువ తెలుస్తుంది. అంతకుముందు గాయనీగాయకులు, వాద్యబృందమంతా ఒకే గదిలో ఉండి పాట రికార్డు చేసేవాళ్లు. ఎవరు తప్పు చేసినా అందరూ మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. అందుకే అందరూ సాధన చేసి వచ్చేవారు. తొంభైలు వచ్చేసరికి వాద్యాల చోటు కీబోర్డు తీసుకుంటోంది. గాయకులు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎవరి ట్రాక్ వాళ్లు పాడి వెళ్లిపోతున్నారు. పాటలో వేగం పెరిగింది, మాట వెనక్కి జరిగింది. కేబుల్ టీవీలో పాట చూడటం ఎక్కువై వినడం తగ్గింది. సరిగ్గా అప్పుడు, ప్రేక్షకుల చేత పాటను మళ్లీ చెవితో వినిపించే కార్యక్రమం ఒకటి టీవీలోనే వచ్చింది. నిలబడి పాడే ఒక పిల్ల, వెనక వాద్యబృందం, ఎదురుగా వినే పెద్దలు. చూడటానికి అంతకుమించి ఏమీ లేదు. కాబట్టి విన్నాం.

ఆ వేదిక ఎక్కినవాళ్లలో ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటివారు సినిమా గాయకులయ్యారు. అక్కడ పాడిన స్మిత తర్వాత తెలుగులో పాప్ ఆల్బంల గాయనిగా పేరు తెచ్చుకుని, 2023లో ‘నిజం విత్ స్మిత’తో తానూ వ్యాఖ్యాత అయ్యారు. కన్నడంలో బాలుగారు ఇదే పనిని ‘ఎదె తుంబి హాడువెను’ పేరుతో చేశారు. జి.ఎస్. శివరుద్రప్ప భావగీతాన్ని తలపించే పేరు అది. కన్నడిగులు ఆయనను తమ ఇంటి మనిషిగా చూసుకున్నారంటే సినిమా పాటలతోపాటు ఈ కార్యక్రమానికీ అందులో వాటా ఉంది. ‘పాడుతా తీయగా’ అమెరికాలోని తెలుగు పిల్లల దగ్గరికి కూడా వెళ్లింది. ఇంట్లో ఇంగ్లీషు, బళ్లో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగే పిల్లలు అక్కడ ‘ళ’నూ ‘ణ’నూ నాలుక మడిచి పలకడం నేర్చుకున్నారు.

ఒక దిద్దుబాటు

నేను బళ్లో తెలుగు చెప్పి బతికినవాణ్ణి. బోధన ఎలా ఉండాలో ఆ కార్యక్రమం చూసి నేర్చుకున్నది చాలా ఉంది. అందుకే ఆయన దిద్దే తీరును కొంచెం దగ్గరగా చూపించాలని ఉంది.

పిల్లవాడు పాట ముగిస్తాడు. చప్పట్లు ఆగేదాకా బాలుగారు ఏమీ అనరు. ముందు బాగున్న చోటు చెబుతారు. ‘బాగా పాడావు నాన్నా’ అని ఊరుకోరు. ఎక్కడ బాగుందో చూపిస్తారు. రెండో చరణం చివర పై స్థాయికి వెళ్లినప్పుడు గొంతు పలచబడకుండా నిలబెట్టుకున్నాడనో, ఆలాపనలో తొందరపడలేదనో చెబుతారు. పిల్లవాడి భుజాలు కొంచెం దిగుతాయి. అప్పుడు తప్పు దగ్గరికి వస్తారు. ఆ వాక్యాన్ని పిల్లవాడు ఎలా పాడాడో ముందు అలాగే పాడి వినిపిస్తారు. తర్వాత ఎలా ఉండాలో పాడతారు. రెండూ పక్కపక్కన వినేసరికి పిల్లవాడికే కాదు, వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు నిలబడ్డ ఇల్లాలికి కూడా తేడా తెలిసిపోతుంది. ఇక వివరించాల్సిన పనే లేదు. ‘ఏదీ, ఇప్పుడు అను తల్లీ’ అంటారు. మళ్లీ పాడిస్తారు. సరిగ్గా వచ్చేదాకా వదలరు. వచ్చాక ఆయన మొహంలో కనిపించే సంతోషం పిల్లలకు మార్కులకంటే ఎక్కువ.

ఆయన పట్టుకునే తప్పులు ఏమిటి? శ్రుతి, తాళం ఎలాగూ ఉంటాయి. వాటికి మించి ఆయన చెవి మాట మీద ఉండేది. ‘శంకరా’ అని దేవుణ్ణి పిలవాల్సిన చోట ‘సంకరా’ అంటే దేవుడు మాయమై కల్తీ మిగులుతుంది. ‘కళ’ను ‘కల’ అంటే చిత్రకారుడు నిద్రపోయినట్టే. ఒత్తు ఉన్నచోట ఒత్తు తీయడం, లేనిచోట బరువు వేయడం, ‘హృదయం’లోని ఋకారాన్ని నలిపేయడం, ఇవేవీ ఆయన చూసీచూడనట్టు వదిలిన తప్పులు కావు.

అంతకంటే సూక్ష్మమైనది ఊపిరి. పాడేవాడికి గాలి కావాలి. ఎక్కడ పీల్చాలన్నది ప్రశ్న. మాట నడుమ పీలిస్తే మాట రెండు ముక్కలవుతుంది, అర్థం జారిపోతుంది. పద్యం తప్పుగా విరిచి రాముడికి తోక మొలిపించిన పాత చమత్కారం మనందరికీ తెలుసు. సమాసం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియనివాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా తెలియదు. కాబట్టి పాట నేర్చుకునే ముందు దాని అర్థం తెలుసుకోవాలని ఆయన పిల్లలతో అనేవారు. వ్యాకరణం పుస్తకంలో మేం విసుగ్గా చెప్పే సంధి, సమాసం, అన్వయం ఆయన నోట ఊపిరి పాఠంగా మారాయి. ఆ కార్యక్రమం నడిచిన రోజుల్లో క్లాసులో శ, ష, సల తేడా చెబుతుంటే పిల్లలు నవ్వడం మానేశారు. ‘బాలుగారు కూడా ఇదే చెప్పారండీ’ అన్నారు. తెలుగు మాస్టారికి అంతకుమించిన అండ ఇంకేం కావాలి?

పేరు చెప్పడం

రేడియోలో పాటకు ముందు రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు చెప్పే సంప్రదాయం ఉండేది. టీవీ వచ్చాక తెర మీద హీరో మొహం కనిపిస్తుంటే ఆ పేర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. పాట హీరోది అయిపోయింది, మహా అయితే గాయకుడిది. బాలుగారు గాయకుడై ఉండి కూడా దీన్ని ఒప్పుకోలేదు. ఆయన వేదిక మీద పాటకు ముందు ఏ చిత్రం, ఎవరి రచన, ఎవరి స్వరం, మొదట ఎవరు పాడారు అన్నవి తెలియాల్సిందే. ఆ తర్వాత ఆయన వ్యాఖ్యానంలో సముద్రాల, పింగళి, మల్లాది, ఆత్రేయ, దాశరథి, కొసరాజు, ఆరుద్ర, సినారె, వేటూరి, సిరివెన్నెల మనుషులుగా మన ముందుకు వచ్చేవారు. సాలూరి, పెండ్యాల, ఆదినారాయణరావు, సుసర్ల, అశ్వత్థామ ఎవరి బాణీ ఎలా ఉంటుందో పోల్చి చెప్పేవారు. ఘంటసాల పేరు ఎత్తితే ‘మాస్టారు’ అనేవారు.

ఇలా ఎందుకు చేశారు? తన గొంతు ఎంత గొప్పదైనా అది చివర వచ్చి చేరేదని, దానికి ముందు ఒక కవి, ఒక స్వరకర్త, వాద్యాల ముందు కూర్చున్న పేరు తెలియని పనివాళ్లు ఉన్నారని ఆయనకు తెలుసు. తనను పరిచయం చేసిన గురువు పేరుతో మద్రాసులో కోదండపాణి ఆడియో ల్యాబ్స్ కట్టుకున్న మనిషి ఆయన. స్టూడియోకు పెట్టిన పేరు వెనక ఏ భావం ఉందో, టీవీలో పాతికేళ్లపాటు చెప్పిన పేర్ల వెనకా అదే ఉంది.

ఈ విషయంలో ఆయనకు ఒక కఠిన పరీక్ష వచ్చింది. 2017 మార్చిలో, యాభై ఏళ్ల పాటల పండుగగా అమెరికాలో కచేరీలు చేస్తుండగా, సంగీత దర్శకుడు ఇళయరాజా స్వరపరిచిన పాటలు అనుమతి లేకుండా పాడకూడదంటూ ఆయన తరఫున నోటీసు అందింది. ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు నుంచీ ఇద్దరూ కలిసి తిరిగిన స్నేహితులు. లోకం రెండు జట్లుగా చీలి వాదించుకుంది. బాలుగారు మాత్రం చట్టం గురించి తనకు అవగాహన లేదని, చట్టం అదే అయితే పాటిస్తానని ప్రకటించి, ఆ పాటలు పక్కన పెట్టి పర్యటన కొనసాగించారు. ఇందులో ఎవరి పక్షం సరైనదని తీర్పు చెప్పడానికి నేను రాలేదు. స్వరకర్తకు తన సృష్టి మీద హక్కు ఉందన్న వాదనలో బలం ఉంది. స్నేహితుడి నుంచి అది నోటీసు రూపంలో రావడంలో బాధా ఉంది. బాధను దిగమింగి హక్కును గౌరవించడం బాలుగారు ఎంచుకున్న దారి. వేదిక మీద కర్త పేరు చెప్పమని పిల్లలకు నేర్పిన మనిషి, అదే కర్త తన మీదికి వచ్చినప్పుడు కూడా ఆ మాట మీదే నిలబడ్డారు. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక ఎక్కారు. బాలుగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు లేచి రమ్మని ఇళయరాజా వీడియోలో పిలిచిన పిలుపు మనం అందరం విన్నాం.

రెండు విమర్శలు

స్మారకోపన్యాసం అంటే పొగడ్త మాత్రమే కాకూడదు. ‘పాడుతా తీయగా’ మీద వచ్చిన విమర్శల్లో రెండింటిని గట్టిగా పట్టించుకోవాలి.

ఒకటి, ఆ కార్యక్రమం పాతపాటలకు పీట వేసి, కొత్తపాటను చిన్నచూపు చూసిందన్నది. కొంత నిజం ఉంది. ఆయన మనసు ఘంటసాల, రఫీల కాలం వైపు మొగ్గేది, దాన్ని ఆయన దాచుకోలేదు. కానీ బోధనకు ఏ పాట పనికొస్తుందన్న ప్రశ్న కూడా ఇక్కడ ఉంది. గమకం, స్థాయి, సాహిత్యం, భావం నాలుగూ ఉన్న పాట పాడితేనే పిల్లవాడి బలం, బలహీనత బయటపడతాయి. వాద్యాల హోరులో గొంతు మునిగిపోయే పాటలో దిద్దడానికి ఏమీ మిగలదు. కొత్త పాటల్లోనూ సాహిత్యం ఉన్నవాటిని ఆయన మనసారా మెచ్చుకున్నారు.

రెండోది ఇంకా లోతైనది. ఇలాంటి పోటీల వల్ల పిల్లలు మూల గాయకుణ్ణి అచ్చుగుద్దినట్టు అనుకరించడం నేర్చుకుంటారు, సొంత గొంతు పోగొట్టుకుంటారు అన్నది. ఇది నిజమైన ప్రమాదమే. ఒక రికార్డింగును కొలబద్దగా పెట్టుకుని మార్కులు వేస్తే అనుకరణకే మార్కులు పడతాయి. బాలుగారు అనుకరించవద్దని, పాటలో మీరు కనిపించాలని పిల్లలకు చెబుతూనే వచ్చారు. అయినా పోటీ స్వభావం ఆ మాటను పూర్తిగా నెగ్గనివ్వలేదు. ఆ వేదిక నుంచి మంచి గాయకులు వచ్చారు. కొత్త దారి తొక్కినవారు అంతమంది రాలేదు. ఈ లోటు ఆయన ఒక్కరిదే అనడం అన్యాయం. సినిమా తప్ప వేరే వేదిక ఇవ్వని మన సంగీత వ్యవస్థకు అందులో ఎక్కువ భాగం ఉంది. కానీ లోటును లోటుగా చెప్పుకోకపోతే దాన్ని పూడ్చే ఆలోచన రాదు.

ఒక్క విషయంలో మాత్రం ఆ కార్యక్రమానికి పూర్తి మార్కులు వేస్తాను. పోటీలో ఓడిన పిల్లల కన్నీళ్లను అది అమ్ముకోలేదు. దేశమంతటా రియాలిటీ షోలు న్యాయనిర్ణేతల కొట్లాటలతో, తల్లిదండ్రుల ఏడుపులతో నడుస్తున్న కాలంలో, ఇక్కడ వెనక్కి వెళ్లే పిల్లవాడికి ఎందుకు వెళుతున్నాడో, ఏం సాధన చేసి మళ్లీ రావాలో చెప్పి పంపారు. తానూ ఒకప్పుడు పోటీల్లో నిలబడిన కుర్రవాడినేనన్న ఎరుక ఆయనకు ఎప్పుడూ ఉంది.

మన పని

2020 ఆగస్టు 5న కొవిడ్‌తో ఆయన చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. సెప్టెంబరు 25న మనల్ని విడిచి వెళ్లారు. తామరైపాక్కంలో ఆయన తోటలోనే అంత్యక్రియలు జరిగాయి. నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. చెన్నైలో ఆయన ఉన్న ప్రాంతంలో ఒక రోడ్డుకూ ఆయన పేరు వచ్చింది. ‘పాడుతా తీయగా’ ఆయన కుమారుడు చరణ్ ఆధ్వర్యంలో కొనసాగుతోంది. ఇవన్నీ సంతోషించదగ్గవి. వీటితో మన బాధ్యత తీరిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు.

ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, ఆయన పాతికేళ్ల వ్యాఖ్యానాలను ఎవరి ప్రస్తావన ఎక్కడ వచ్చిందో తెలిసేలా పట్టికతో సహా భద్రపరచాలి. తెలుగు సినిమా పాట చరిత్ర మీద, ఆ చరిత్రను లోపలి నుంచి చూసిన మనిషి చెప్పిన సాక్ష్యం అది. ఏ పాట ఎలా పుట్టిందో, ఏ స్వరకర్త ఎలా పనిచేయించుకునేవారో ఆయన చెప్పినవి పుస్తకాల్లో దొరకవు. విశ్వవిద్యాలయాల తెలుగు, సంగీత శాఖలు ప్రసార సంస్థతో కలిసి ఈ పనికి పూనుకోవాలి.

రెండు, మన బళ్లలో ఉచ్చారణ పాఠానికి పాటను వాడాలి. పదో తరగతి దాటినా ఒత్తులు పలకలేని పిల్లలకు మరోసారి వ్యాకరణ సూత్రం వల్లె వేయించడం కంటే, ఒక మంచి పాట నేర్పి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పడం మేలు. బాలుగారు ఇది సాధ్యమని కళ్లముందు చూపించారు.

మూడోది మనలో ప్రతి ఒక్కరం రేపటి నుంచే చేయగలిగింది. పాట పంచుకునేటప్పుడు, పెళ్లిలో పాడించేటప్పుడు, ఫోనులో పెట్టుకునేటప్పుడు, రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు తెలుసుకుని చెప్పండి. ఇప్పుడు మన ఫోన్లలో పాటలు సినిమా పేరుతో, హీరో బొమ్మతో వస్తున్నాయి. కవి పేరు చాలాచోట్ల కనిపించదు. యంత్రం చెప్పకపోతే మనిషి చెప్పాలి. పిల్లలు పాడితే బాగుందని చప్పట్లు కొట్టి ఊరుకోకండి. ఎక్కడ బాగుందో చెప్పండి, ఎక్కడ మాట జారిందో మెల్లగా చెప్పండి, మళ్లీ పాడించండి. అలా చెప్పాలంటే ముందు మనం శ్రద్ధగా వినాలి.

బాలుగారి గొంతు మళ్లీ రాదు. ఆయన వినే పద్ధతి మాత్రం సాధనతో ఎవరికైనా వస్తుంది. ఆయన పాటలను మనం ఎలాగూ దాచుకుంటాం. ఆ పద్ధతిని కూడా నిలబెట్టుకుంటే, ఈ స్మారకోపన్యాసానికి ఆయన పేరు పెట్టుకునే అర్హత మనకు దక్కుతుంది.